కట్ట క్రింది కాపురములు

చెరువునకు కట్ట యెంత ముఖ్యమో, ఆ కట్టను కనిపెట్టియుండు జనులును అంత ముఖ్యులు. కట్ట రాతితోను మట్టితోను ఏర్పడును. కావలి కట్టుబాటుతో ఏర్పడును. మొదటిదానిని రాజులు ఒక తరములో కట్టింపగలరు. రెండవదానిని ప్రజలే తరతరములుగా నిలుపుకొనవలెను. హైదరాబాదున హుస్సేన్‌సాగరపు కట్ట నేటికిని నిలిచియే యున్నది. దాని కావలి మాత్రము చెదరిపోయినది. ఈ భేదమును గుర్తింపనిదే లోయర్ ట్యాంక్ బండ్ మొదలుకొని అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతముల వరకును గల పల్లపు పేటలకు వానకాలపు భయము తీరదు.

ఇబ్రహీం కులీ కుతుబ్ షా పాలనమున, 1562 ప్రాంతమున, హుస్సేన్ షా వలీ ఆధ్వర్యవమున ఈ చెరువు నిర్మింపబడెను. నేడు కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు దీనిలోనికి నీటిని చేర్చుచున్నవి. నిండిన పిమ్మట మిగులు నీరు మత్తడి దాటి, దోమలగూడ, అశోక్‌నగర్, నల్లకుంట, గోల్నాకల ప్రక్కగా సాగి మూసీలో కలియును. నల్లకుంట పేరులో కుంట యున్నది. బాగ్‌లింగంపల్లి పేరులో తోట యున్నది. కుంట పూడి ఇండ్లాయెను, తోట తెగి వీథులాయెను. పేళ్లు మాత్రము నేల పూర్వవృత్తాంతమును చెప్పుచునే యున్నవి. నీరు తన పాత దారిని మరువలేదు, మరచినవారము మనమే.

లోయర్ ట్యాంక్ బండ్ నందలి కట్టమైసమ్మ గుడిని ఎరుగని నగరవాసి యుండడు. తెలంగాణమున పెక్కు చెరువుకట్టలపై మైసమ్మ వెలసియుండును. ఆషాఢమున, వానలు పుంజుకొను తరుణమున, బోనములతో జనులు ఆమెను కొలుతురు. దీనిని కేవలము మూఢభక్తియని త్రోసివేయువారు ఒక్క సంగతి యాలోచింపవలెను. అమ్మవారికి మ్రొక్కుటకై ఊరంతయు కట్టపై నడచినపుడు, కట్టకు పడిన బుంగయో బీటయో ఎవరి కంటనైనను పడకుండునా? పండుగ పేర పదిమంది చూపును కట్టపై నిలిపిన ఆచారమది.

ఆచారమునకు తోడు వ్యవస్థయు నుండెను. గ్రామమున తూము తీయుటకును మూయుటకును, ఆయకట్టు మడులకు వంతు ప్రకారము నీరు పారించుటకును నీరటి యుండెడివాడు. చెరువు కట్టించి కాపాడువారికి దశబంధమను పేర భూమినో, ఫలసాయమున పదవ పాలునో ఇచ్చెడి పద్ధతి మన సీమలో శాసనములకెక్కినది. అయినను ఆ కాలమును స్వర్గముగా వర్ణించుట సత్యము కాదు. నీరటి పనిచేసినవారు పెక్కుచోట్ల దళితులు. పొలమునకు నీరు పంచిన చేతికి తనదను పొలము లేకుండెను. పూడిక తీసిన భుజమునకు ఊరిబావికడ చోటు లేకుండెను. కావున పూర్వపు కట్టుబాటులోని బాధ్యతను గ్రహించి, అందలి అన్యాయమును విడువవలెను.

కడప మండలమందలి పోరుమామిళ్ల చెరువు శాసనము ఈ విషయమున మనకు గురుస్థానమున నున్నది. బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు 1369లో ఆ చెరువు కట్టించెను. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలు పనిచేసిరని శాసనము తెలుపుచున్నది. మంచి చెరువునకు పండ్రెండు అంగములను, చెడు చెరువునకు ఆరు దోషములను అందు లెక్కించిరి. రెండు రాజ్యముల పొలిమేరలో చెరువుండుట ఒక దోషము. నీరు మెండై నేల కొంచెమగుట మరియొక దోషము. ఈ రెండును నేడు హుస్సేన్‌సాగరమునకు పట్టినవి. రాజ్యములు లేవు గాని కచ్చేరీలున్నవి. చెరువు పరిసరములు మహానగరాభివృద్ధి సంస్థ చేతిలోను, నాలాలు నగరపాలక సంస్థ చేతిలోను, మురుగు గొట్టములు జలమండలి చేతిలోను ఉన్నవి. నీటికి పొలిమేర లేదు; నెపమునకు మాత్రము కలదు. ఇక రెండవ దోషమును మనమే కల్పించుకొంటిమి. మునుపు వాన చాలభాగము నేలలో నింకి, మిగిలినది మెల్లగా చెరువు చేరెడిది. కప్పులును సిమెంటు బాటలును నేలను మూసివేయగా అదియంతయు గంటలలో వచ్చిపడుచున్నది. పోవు దారియో, ఇరువైపుల కట్టడములచే ఇరుకై, పూడికతోను చెత్తతోను నిండి యున్నది.

ఫలితమును నగరము పలుమారులు చూచినది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది ప్రాణములను హరించెను. అఫ్జల్‌గంజ్ యందలి చింతచెట్టు నెక్కి 150 మంది బ్రతికిరని నేటికిని చెప్పుకొందురు. తరువాత విశ్వేశ్వరయ్యగారి సలహాపై 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వెలసినవి. అవి మూసీ వరదను అదుపు చేయుటకు గాని, నగరమధ్యమున పడు వానకు కావు. 2000 ఆగస్టులో ఒక్క దినమున దాదాపు 24 సెంటీమీటర్ల వాన కురియగా, హుస్సేన్‌సాగరము క్రింది పేటలు మునిగెను. 2020 అక్టోబరు 13న బేగంపేటలో 19 సెంటీమీటర్లు కురియగా నగరమున మరల ప్రాణనష్టము కలిగెను. అపుడు ప్రభుత్వము బాధిత కుటుంబమునకు 10,000 రూపాయల చొప్పున సాయము ప్రకటించెను. వరద పిమ్మట పంచుటకు దొరకిన ధనము, వరదకు ముందు పూడిక తీయుటకు ఏల దొరకకపోవలెను?

ప్రతి వరద పిమ్మటను పల్లపు ప్రజల నిబ్బరమును కొనియాడుట మన వక్తలకు వాడుకయైనది. నడుములోతు నీటిలో పొరుగింటి ముసలివారిని మోసి తెచ్చిన యువకులును, మేడమీద పొయ్యి పెట్టి వీథికంతయు వండిపెట్టిన గృహిణులును నిజముగా వందనీయులే. కాని సహనము వేరు, సామర్థ్యము వేరు. దెబ్బ తగిలిన ప్రతిమారును లేచి నిలుచుట సహనము. దెబ్బ తగులకుండ నీటి నిర్వహణలో తానును మాట చెల్లించుకొనుట సామర్థ్యము. మొదటిదానిని పొగడి రెండవదానిని ఇయ్యనివాడు పేదవానికి మేలు చేసినవాడు కాడు.

నాలా యొడ్డున గుడిసె వేసికొన్నవానిని ఆక్రమణదారుడందుము. చట్టము ననుసరించి ఆ మాట నిజము కావచ్చును. కాని మునుపు మునుగునది అతని యిల్లే, కూలునదియు అతని యిల్లే. ఎగువను చెరువు శిఖము భూములను చదునుచేసి మేడలు కట్టినవారు ఇదే నేరమునకు బాధ్యులు గారా? చెరువుల రక్షణకును విపత్తుల నివారణకును 2024లో హైడ్రా యను సంస్థ నేర్పరచిరి. దాని యుద్దేశము మెచ్చదగినది. కాని మేడకును గుడిసెకును ఒకే కొలబద్ద యుండవలెను. కొలత పెద్దవాని గోడనుండియే మొదలు కావలెను. కదలింపబడు పేదవానికి ముందుగా వేరొక నెలవు చూపవలెను.

సముద్రమట్టమునకు దిగువను కాపురముండు డచ్చివారిని చూడుడు. 13వ శతాబ్దినుండియు వారికి జలసభలున్నవి. కట్టలకు పన్ను విధించు నధికారము వానికి గలదు, సభ్యులను ప్రజలెన్నుకొందురు. ఉమ్మడి సంపదను వాడుకొనువారే నియమములు చేసికొని పాలించుకొనగలరని నిరూపించిన ఎలినార్ ఆస్ట్రమ్ విదుషికి 2009లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. మన రాష్ట్రమునను 1997 చట్టముచే రైతులకు నీటివినియోగదారుల సంఘము లేర్పడినవి. నీరు పారు పొలము గల రైతునకు సభ కలదు. నీరు చొచ్చు నిల్లు గల పౌరునకు ఏల లేదు?

క్రొత్త చట్టము కొరకు కాచియుండ నక్కరలేదు. మూడు లక్షలు గాని అంతకు మించి గాని జనసంఖ్య గల నగరములలో వార్డు కమిటీ లుండవలెనని రాజ్యాంగమున 74వ సవరణ 1993నుండి ఘోషించుచున్నది. ఆ కమిటీలలో నాలా వెంబడి నివసించువారికిని, నాలాలో దిగి పూడిక తీయు కార్మికులకును స్థానమీయవలెను. హుస్సేన్‌సాగరపు నిండుమట్టము 513.41 మీటర్లు, ఏనాడు నీరెంతవర కున్నదో పల్లపు వీథులలో బోర్డుపై వ్రాయవలెను. తూములు తీయుటకు ముందు వీథివీథికి హెచ్చరిక రావలెను. మృగశిర ప్రవేశింపకమున్నే, ఏ నాలాలో ఎంత పూడిక తీసిరో, ఎవరికెంత చెల్లించిరో ఆ వార్డు సభలో చదివి వినిపింపవలెను. లెక్క విన్నవాడే నేటి నీరటి.

చదువరులలో భూస్వాములును, నగరమున సొంత ఇండ్లు గలవారును పెక్కురు గలరు. తమ యిల్లు ఎత్తున నున్నదని వారు నిశ్చింతగా నుండరాదు. తమ యింటి కప్పుపై పడిన వాన ఇంకుడుగుంతలో దిగినచో తమ బావికి బలము. వీథిలోనికి తోసినచో అది పల్లపువాని గడప నెక్కును. ఎగువ ఇంటివాని నిర్లక్ష్యమునకు దిగువ ఇంటివాడు సుంకము చెల్లించుట స్వరాజ్యము కాదు. కట్టమీద విహరించువాడును కట్టక్రింద కాపురముండువాడును ఒకే చెరువు ఆయకట్టుదారులమని ఎన్నడు తలంతురో, ఆనాడే హుస్సేన్‌సాగరమునకు కావలి మరల నేర్పడును.