మంచం కింద ఆవు

పిల్లలూ! పుంగనూరు ఆవును చూశారా? ఎత్తు సుమారు మూడడుగులే.

మా అవ్వది ఆ ఊరే. ఒకసారి కాలు విరిగి మదనపల్లెలో ఆస్పత్రి పాలయింది. మూడు రోజులైనా అన్నం ముట్టదు. "మా ఆవు పాలయితేనే తాగుతా" నని మొండిపట్టు.

మదనపల్లె దగ్గరే ఆరోగ్యవరం ఉన్నది. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టక మునుపు అక్కడి క్షయరోగులకు విశ్రాంతీ, మంచిగాలీ, పుష్టిగల తిండే ముఖ్యమైన మందులు. విరిగిన ఎముక అతకాలన్నా తిండి కావాలి. పాలలో కాల్షియం ఉంటుంది. అందుకే అమ్మకు దిగులు.

కుప్పం నుంచి మామ వచ్చాడు. "దానికేమమ్మా, ఆవునే తోలుకొస్తా. మంచం కింద కట్టేస్తే నర్సమ్మకు కనబడదు!"

వెనకనే నర్సమ్మ! "సరే, మరి పేడ ఎవరెత్తుతారు?" అన్నది.

అవ్వ పకపకా నవ్వింది. నవ్వుతూనే లోటా అందుకుని, గుక్కెడు తాగి, "నీళ్లు!" అని మూతి విరిచింది.

లోటా మాత్రం ఖాళీ చేసింది.