సముద్రం యాడో ఉంటే తిరపతి ఎట్ల మునిగినాది?

2021 నవంబరు 18. కార్తీక పున్నమి పొద్దులు. మా ఇంట్లోకి మోకాలెత్తు నీళ్లొచ్చినాయి. కపిలతీర్థం కాడ కొండే కరిగి దూకతాందా అన్నట్టుండాది. ఘాట్ రోడ్లు మూసేసినారు. మా పక్కింటాయన ‘మేఘం పగిలినాది’ అన్నాడు. ఈ పొద్దుటికీ అదే మాట అంటాండారు.

అది మేఘం పగలడం కాదు. గంటలో 10 సెంటీమీటర్లు, అదీ చిన్న తావులో పడితే క్లౌడ్‌బరస్ట్ అంటారు. మనకు పడింది పగలూ రాత్రీ వదలని వాన. దాని వెనక కత వేరే ఉండాది.

బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టి, 19వ తేదీ తెల్లారుజామున పాండిచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటినాది. మన దిక్కు వాయుగుండం చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరగతాది. కాబట్టి దానికి ఉత్తరం పక్కనుండే మనకు గాలి తూర్పు నించి, నేరుగా సముద్రం మీద నించి వస్తాది. వచ్చేది ఉత్త గాలి కాదు, నీళ్లు మోసుకొచ్చే గాలి.

సముద్రం మనకు దగ్గిర దగ్గిర 80 కిలోమీటర్లు. నడాన మైదానమే. ఆ గాలికి అడ్డం నిలబడేది శేషాచలం కొండలు. తిరుమల ఎత్తు 850 మీటర్లకు పైనే. గాలి కొండెక్కాల, ఎక్కితే చల్లబడాల, చల్లబడితే నీళ్లు దించాల. కొండ మీద దించిన ఆ నీళ్లన్నీ కిందుండే ఊరి మీదికే గదా వచ్చేది!

ఇంగో మాట. ఎల్‌నినో ఏడాది మనకు ఈశాన్య రుతుపవనాల వాన ఎక్కువ, లానినా ఏడాది తక్కువ అని లెక్క. 2015లో చెన్నై మునిగింది ఎల్‌నినో ఏడాదే. 2021 లానినా ఏడాది, అయినా మునిగినాము. అంటే ఆ లెక్క కాలం మొత్తానికే గానీ, ఒక్క రోజుకు పనికిరాదు. పైగా గాలి ఒక డిగ్రీ వేడెక్కితే 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటాది. సముద్రం వేడెక్కతానే ఉండాది.

ఆ వాయుగుండం తుపాను కాలేదు, దానికి పేరు కూడా పెట్టలేదు. తుపానుకు పేరు పెట్టేది గాలి వేగాన్ని చూసి, వానను చూసి కాదు. పేరు లేదని మనం తేలిగ్గా తీసుకున్న ఆ వానకే రాయలచెరువు కట్ట కారి ఊర్లు ఖాళీ చేయించినారు. కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి జనం కొట్టకపోయినారు.

గాలినీ కొండనూ మనం మార్చలేము. చెరువుకు నీళ్లొచ్చే కాలవ మీద ఇల్లు కట్టకుండా, మొరవ పూడకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలో పనే. ఇంకసారి వాయుగుండం చెన్నై పక్కకు పోతాది అని చెప్తే, ‘మనకేం లేదులే’ అనుకోవద్దండి. అప్పుడే సామాన్లు అటక మీద పెట్టుకోండి.