అంకుల్ స్క్రూజ్ ఆట కొనవచ్చా?

టీవీలో పిల్లలు చూసే బొమ్మల కథ పేరు తగిలిస్తే చాలు, బజారులో ఏ సరుకైనా అమ్ముడుపోతుంది. నీళ్ల సీసా, స్కూలు బ్యాగు, పెన్సిలు డబ్బా, చివరికి బిస్కట్ల పొట్లం కూడా. వీడియో గేములూ ఆ కోవలోవే. పైన తెలిసిన బొమ్మ, లోపల నాసిరకం సరుకు అన్న అనుభవం చాలా ఇళ్లలో ఉంటుంది. అలాగని అన్నిటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. బ్యాంకులో మేము దరఖాస్తుదారు పేరు చూసి అప్పు ఇవ్వం, పేరు చూసి కాదనం. పద్దు చూస్తాం. ఈ ఆటకీ అదే పద్ధతి.

బెంగుళూరులో ఉన్న మా మేనల్లుడు ఈ మధ్య, "మావయ్యా, పాపకి డక్‌టేల్స్ గేమ్ కొందామనుకుంటున్నాను. మా ఆవిడ దండగంటోంది. మీరు పద్దు చూసి చెప్పండి" అన్నాడు. పాపకి తొమ్మిదేళ్లు. ఆఫీసు పని మీద బెంగుళూరు వెళ్లినప్పుడు, వాళ్ల పక్కింట్లో ఆ ఆట ఉంటే రెండు సాయంత్రాలు పాపతో కూర్చుని చూశాను, కాస్త ఆడాను కూడా. ఈ వ్యాసం ఆ మదింపు ఫలితమే.

ఎవరీ స్క్రూజ్?

డక్‌టేల్స్ అమెరికాలో 1987లో మొదలైన బొమ్మల ధారావాహిక. మన దేశంలో 1990లలో దూరదర్శన్ ఆదివారాల్లో దీన్ని హిందీలో చూపించింది. ఇప్పుడు తల్లిదండ్రులైన చాలామంది ఆనాడు టీవీ ముందు చాపేసుకు కూర్చున్న పిల్లలే. మా మేనల్లుడు వాళ్లలో ఒకడు.

కథానాయకుడు స్క్రూజ్ మెక్‌డక్ అనే ముసలి బాతు. కార్ల్ బార్క్స్ అనే చిత్రకారుడు 1947లో ఒక బొమ్మల పుస్తకం కోసం సృష్టించాడు. చార్లెస్ డికెన్స్ 1843లో రాసిన 'ఎ క్రిస్మస్ కరోల్'లోని పిసినారి పేరే దీనికీ పెట్టాడు. స్క్రూజ్ లోకంలోకెల్లా పెద్ద ధనవంతుడు. డబ్బంతా ఒక గాదెలో పోసి అందులో ఈత కొడతాడు. బ్యాంకువాడి కంటికి అదంతా వడ్డీ రాని సొమ్ము! కానీ తాను మొట్టమొదట కష్టపడి సంపాదించిన పది సెంట్ల బిళ్లను మాత్రం ప్రాణంలా దాచుకుంటాడు. పిసినారితనం వెనక శ్రమ మీద గౌరవం ఉంది. ఆ పాత్ర ఇన్నేళ్లు నిలవడానికి అదే కారణమని నా ఉద్దేశం.

ఆటలో సరుకెంత?

జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ సంస్థ 1989లో నింటెండో యంత్రం కోసం ఈ ఆటను తెచ్చింది. 2013లో వేఫార్వర్డ్ అనే అమెరికన్ సంస్థ దాన్ని కొత్త బొమ్మలతో, మాటలతో తిరిగి తయారుచేసింది. దాని పేరు డక్‌టేల్స్ రీమాస్టర్డ్. పాత ధారావాహికలో స్క్రూజ్‌కు గొంతునిచ్చిన అలన్ యంగ్ 93 ఏళ్ల వయసులో మళ్లీ ఆ గొంతు ఇచ్చాడు. పాత ప్రేక్షకులకు ఆ గొంతు వినడమే సగం పండగ.

ఆట సూత్రం చిన్నదే. స్క్రూజ్ చేతికర్రను నేలకు ఆనించి, బంతిలా ఎగురుతూ పోతాడు. శత్రువు నెత్తిన పడ్డా, ముళ్ల మీద పడ్డా కర్ర కాపాడుతుంది. అమెజాన్ అడవి, ట్రాన్సిల్వేనియా కోట, ఆఫ్రికా గనులు, హిమాలయాలు, చంద్రమండలం అనే అయిదు చోట్ల తిరిగి నిధులు తేవాలి. ఎటు ముందు వెళ్లాలో మన ఇష్టం. ఐస్‌క్రీమ్ తింటే పోయిన శక్తి తిరిగొస్తుంది. కూడబెట్టిన సొమ్ముతో ఆట తయారీకి గీసిన చిత్రాలు కొనుక్కుని చూడవచ్చు, గాదెలో ఈతా కొట్టవచ్చు. అంటే ధారావాహిక దేని గురించో ఆటా దాని గురించే. బొమ్మ అంటించిన నాసిరకం ఆటకూ దీనికీ అదే తేడా.

లోపాలూ ఉన్నాయి. మధ్యమధ్య మాటల ఘట్టాలు ఎక్కువ. దాటవేసే వీలుంది కాబట్టి సరిపోయింది. ప్రాణాలన్నీ అయిపోతే ఆ చోటు మళ్లీ మొదటినుంచి ఆడాలి. చిన్నపిల్లలు అక్కడ ఏడుపు మొహం పెడతారు. కష్టం ఎంత ఉండాలో ముందే ఎంచుకోవచ్చు గనుక తేలికదానితో మొదలుపెట్టించాలి. చెయ్యి తిరిగినవాళ్లు నాలుగైదు గంటల్లో ముగించేస్తారు.

పద్దు

విడుదలైనప్పుడు దీని ధర 14.99 డాలర్లు. 2017లో క్యాప్‌కామ్ 1989 నాటి అసలు ఆటతో సహా ఆరు పాత డిస్నీ ఆటలను కలిపి 19.99 డాలర్లకు ఒకే కట్టగా ఇచ్చింది. కామర్స్ చదివినవాడి లెక్కలో కట్ట చవక. పైగా అందులో తప్పటడుగు వేస్తే ఆటను వెనక్కి తిప్పుకునే సదుపాయం ఉంది. కానీ బొమ్మలు పాతకాలపువి, గొంతులు లేవు. కథ మీద ప్రేమ ఉన్నవాళ్లకు మొదటిది, ఆట మీద పట్టుదల ఉన్నవాళ్లకు రెండోది.

ధరకన్నా ముఖ్యమైనది హక్కు. 2019 ఆగస్టులో డక్‌టేల్స్ రీమాస్టర్డ్‌ను ఆన్‌లైన్ దుకాణాల నుంచి తీసేశారు. 2020 మార్చిలో మళ్లీ పెట్టారు. అప్పటికే కొన్నవాళ్లకు ఇబ్బంది రాలేదు, కొత్తగా కొనాలనుకున్నవాళ్లకు మాత్రం తలుపు మూసుకుపోయింది. ఇలాంటి కొనుగోలులో మనకు దక్కేది వస్తువు కాదు, వాడుకునే అనుమతి. ఇల్లు కొనడానికీ అద్దెకుండడానికీ ఉన్నంత తేడా. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఈ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పి తీరాలని చట్టం చేసి 2025 జనవరి 1 నుంచి అమలుపెట్టింది. మనమూ ఆ మాట తెలిసే డబ్బు కట్టాలి.

ఇంకో జాగ్రత్త. ఉచితం అని ఫోనులోకి వచ్చే కార్టూన్ ఆటలు కొన్ని లోపలికి వెళ్లాక నాణేలు, వేషాలు అంటూ కొంచెం కొంచెంగా గుంజుతాయి. దానికన్నా ఒకసారి ధర కట్టి ఊరుకునే ఆట నయం. రిజర్వ్ బ్యాంకు నిబంధన వల్ల 2020 అక్టోబరు నుంచి కార్డు మీద ఆన్‌లైన్, విదేశీ లావాదేవీలను మనమే ఆపుకోవచ్చు, పరిమితి పెట్టుకోవచ్చు. కొనేటప్పుడు తెరిచి, కొన్నాక మూసేయండి.

పద్దుకెక్కని లాభం

మన రాష్ట్రం కాని చోట పెరిగే మన పిల్లలకు బడిలో ఒక భాష, వీధిలో ఒక భాష. తెలుగుకు మిగిలేది ఇల్లే. ఈ ఆటలో మాటలన్నీ ఇంగ్లీషే, ఒక్క తెలుగు ముక్క లేదు. ఆడేదీ ఒక్కరే. కానీ ప్రాణం పోయినప్పుడల్లా చెయ్యి మార్చుకుంటూ ఆడాం. నేను హిమాలయాల మంచులో కూరుకుపోయినప్పుడు పాప, "తాతయ్యా, అలా దూకకూడదు, కర్ర తియ్యండి, కుడి పక్కకి రండి" అని చెప్తూనే ఉంది. మామూలుగా నేనేదడిగినా ఇంగ్లీషులో ఒక్కమాటతో సరిపెట్టే పిల్ల. గంటసేపు తెలుగు దొర్లింది. అది ఆట గొప్ప కాదు, పక్కన కూర్చున్నందుకు దక్కిన ఫలం. అదే ఆట పిల్ల చేతిలో పెట్టి మనం వంటింట్లోకో ఫోనులోకో పోతే, మిగిలేది ఇంగ్లీషూ మౌనమూ.

కాబట్టి మేనల్లుడికి నేనిచ్చిన సలహా: మంజూరు, మూడు షరతులతో. తగ్గింపు ధర వచ్చేదాకా ఆగు. కార్డు వివరాలు ఆ దుకాణంలో దాచి ఉంచకు. వారానికి రెండు సాయంత్రాలు నువ్వో మీ ఆవిడో పాప పక్కన కూర్చోండి. ఈ మూడో షరతు కుదరదంటే, ఆట ఎంత మంచిదైనా ఆ డబ్బు దండగన్న మీ ఆవిడ మాటే నిజం.