సి. ఆర్. రావు: తెలియనిదానికీ లెక్క కట్టిన మనిషి

మెషిన్ లెర్నింగ్ పుస్తకాల్లో ‘క్రామర్-రావు బౌండ్’, ‘రావు-బ్లాక్‌వెల్ థీరమ్’ అనే పేర్లు మనలో చాలామంది చూసే ఉంటారు. ఫార్ములా బట్టీ కొట్టి, ఎగ్జామ్‌లో రాసేసి ముందుకెళ్ళిపోతాం. ఆ రావు ఎవరా అని ఆగి చూసేవాళ్ళు తక్కువ. ఆయన మన తెలుగాయనే. పూర్తి పేరు కలియంపూడి రాధాకృష్ణారావు. చిన్నప్పుడు ఆయన చదువుకున్న ఊళ్ళలో నూజివీడు, నందిగామ కూడా ఉన్నాయి. మా కూచిపూడి లాగే అవి కూడా పాత కృష్ణా జిల్లా ఊళ్ళే.

ఆయన కెరీర్ చూస్తే మొదట్లో కొంచెం కన్ఫ్యూజ్ అవుతాం. మ్యాథ్స్ చదివారు, పాత ఎముకల కొలతలు లెక్కలు కట్టారు, డిగ్రీ కోర్సులు నిలబెట్టారు, నిజం అంటే ఏమిటో ఆలోచిస్తూ పుస్తకం రాశారు. కానీ వీటన్నిటి వెనకా ఉన్న ప్రశ్న ఒక్కటే. చేతిలో ఉన్న కొంచెం సమాచారంతో ఎంతవరకు తెలుసుకోగలం? ఎక్కడ ఆగి ‘ఇంతకు మించి తెలియదు’ అని చెప్పాలి?

దొరకని ఉద్యోగం, దొరికిన దారి

1920 సెప్టెంబర్ 10న, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న హడగళిలో పుట్టారు. నాన్నగారిది పోలీసు శాఖలో ఉద్యోగం కాబట్టి ఊళ్ళు మారుతూ చదువు సాగింది. అమ్మ లక్ష్మీకాంతమ్మ గారు రోజూ తెల్లవారుజామున నాలుగింటికే లేపి, నూనె దీపం వెలిగించి చదువుకి కూర్చోబెట్టేవారట. తర్వాత తన పుస్తకాన్ని అంకితమిస్తూ ఆ సంగతి ఆయనే రాసుకున్నారు.

1940లో ఆంధ్రా యూనివర్సిటీ నుంచి మ్యాథ్స్ ఎం.ఏ. ఫస్ట్ ర్యాంకుతో పూర్తి చేశారు. రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. సైన్యంలో లెక్కల ఉద్యోగం కోసం కలకత్తా వెళ్తే రాలేదు. కానీ అక్కడే ప్రశాంత చంద్ర మహలనోబిస్ పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసింది. 1941 జనవరి 1న అందులో చేరారు. తర్వాత దాదాపు 40 ఏళ్ళు అదే ఆయన ఇల్లు.

ఒక స్టూడెంట్ అడిగిన డౌట్

1944లో ఆయన క్లాసులో ఎస్టిమేషన్ గురించి పాఠం చెబుతున్నారు. ఎస్టిమేషన్ అంటే కొద్దిమందిని అడిగి అందరి సంగతి అంచనా వేయడం. శాంపిల్ చాలా చాలా పెద్దదైతే ఎస్టిమేట్‌లో తప్పు ఎంతకంటే తగ్గదో ఫిషర్ ఇచ్చిన ఫలితం ఒకటి ఉంది. దండేకర్ అనే విద్యార్థి లేచి, చిన్న శాంపిల్‌కి కూడా అలాంటిది ఉందా అని అడిగాడు (ఈయనే తర్వాత పేరున్న ఆర్థికవేత్త వి. ఎం. దండేకర్ అయ్యారు). రావుగారు ఇంటికెళ్ళి ఆ రాత్రే కూర్చుని సాధించారు. అది 1945లో పేపర్‌గా వచ్చింది. అప్పటికి ఆయన వయసు పాతిక, అంటే మనకంటే ఐదారేళ్ళే పెద్ద.

మనకి తెలిసిన భాషలో చెప్పుకుందాం. ఎంత తెలివైన వాళ్ళు రాసినా, పోలికల మీద నడిచే సార్టింగ్ ఎన్ లాగ్ ఎన్ కంటే వేగంగా అవ్వదని ఆల్గారిథమ్స్‌లో చదివాం కదా? క్రామర్-రావు బౌండ్ కూడా అలాంటి గీతే, కాకపోతే ఇది డేటాకి. హాస్టల్లో రాత్రి 12 దాటాక మేలుకుని ఉండేవాళ్ళు ఎంత శాతమో తెలియాలి. ఏరకుండా, లాటరీ తీసినట్టు 100 మందిని అడిగాం, సగం మంది అవునన్నారు అనుకోండి. మామూలుగా ఆ జవాబు 5 శాతం అటూ ఇటూ ఉంటుంది. ఆ తేడాని సగం చెయ్యాలంటే 200 మంది చాలరు, 400 మందిని అడగాలి. ఏదో ఒకవైపుకి మొగ్గని పద్ధతి ఏది వాడినా, అదే 100 మంది జవాబుల నుంచి అంతకంటే కచ్చితత్వం పిండలేం. స్వీడన్‌లో హెరాల్డ్ క్రామర్ విడిగా ఇదే కనుక్కున్నారు కాబట్టి ఇద్దరి పేర్లూ నిలిచాయి.

ఎముకల నుంచి క్లాస్‌రూమ్ దాకా

1946లో కేంబ్రిడ్జ్ మ్యూజియం ఆయన్ని పిలిచింది. సూడాన్‌లో జెబెల్ మోయా అనే చోట తవ్వకాల్లో దొరికిన పురాతన అస్థిపంజరాల కొలతలు విశ్లేషించాలి. ఆ మనుషులు మిగతా జాతులకి ఎంత దగ్గర, ఎంత దూరం అన్నది ప్రశ్న. పుర్రె పొడవు ఒక్కటే చూస్తే తేలదు, చాలా కొలతలు కలిపి చూడాలి. ఈ రోజు మనం క్లాసిఫికేషన్ అని చేస్తున్నది చాలావరకు ఇలాంటి ప్రశ్నల నుంచే పెరిగింది. అక్కడే ఫిషర్ దగ్గర 1948లో పీహెచ్‌డీ పూర్తి చేశారు.

తిరిగొచ్చాక పరిశోధనతో పాటు చదువు చెప్పడం మీద కూడా అంతే పట్టుదలగా పనిచేశారు. 1959లో పార్లమెంటు చట్టంతో ఇన్‌స్టిట్యూట్‌కి డిగ్రీలిచ్చే అధికారం వచ్చింది, 1960లో బి.స్టాట్, ఎం.స్టాట్ మొదలయ్యాయి. ఆ శిక్షణ విభాగాన్ని నడిపింది రావుగారే. మొదట్లో బి.స్టాట్ పిల్లలు ఫిజిక్స్, బయాలజీ, ఎకనామిక్స్ లాంటివి కూడా చదివేవారు. డేటా ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండా దాని మీద ఫార్ములా పెడితే ఏం లాభం? మనం డౌన్‌లోడ్ చేసిన సీఎస్‌వీ ఫైల్ తెరిచే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. 2007లో ఏబెల్ ప్రైజ్ అందుకున్న ఎస్. ఆర్. శ్రీనివాస వరదన్ కూడా ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసినవారే.

ఉప్పు చెప్పిన నిజం

‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ అని రావుగారి పుస్తకం ఒకటుంది. అందులో ఒక సంఘటన చెబుతారు. 1947 అల్లర్లప్పుడు ఢిల్లీ ఎర్రకోటలో శరణార్థులు తలదాచుకున్నారు. వాళ్ళకి భోజనం పెట్టే కాంట్రాక్టర్ల బిల్లులు బాగా పెరిగాయి. లోపల ఎంతమంది ఉన్నారో ప్రభుత్వానికి తెలియదు, వెళ్ళి లెక్కపెట్టే పరిస్థితి లేదు. అప్పుడు స్టాటిస్టిక్స్ వాళ్ళు బియ్యం, పప్పు, ఉప్పు బిల్లులు తీసుకున్నారు. ఒక మనిషి రోజుకి ఏది ఎంత తింటాడో పాత సర్వేల వల్ల తెలుసు కాబట్టి భాగించారు. మూడింటికీ ఒకే జవాబు రావాలి కదా? రాలేదు. బియ్యం లెక్కన జనం చాలా ఎక్కువ, ఉప్పు లెక్కన బాగా తక్కువ. ఉప్పునే నమ్మారు. ఉప్పు చవక, దాని బిల్లు పెంచి రాస్తే ఎవరికీ పెద్దగా మిగలదు! హుమాయూన్ సమాధి దగ్గరున్న చిన్న శిబిరంలో సరిచూస్తే ఈ పద్ధతి బాగానే పనిచేసింది.

ఆయన ఫిలాసఫీ సారాంశం ఇదీ: మన జ్ఞానంలో చాలా భాగం అనిశ్చితమే, దాన్ని దాచిపెట్టకూడదు, భయపడి వదిలేయనూ కూడదు. ఎంత అనిశ్చితమో కొలిచి పక్కన రాస్తే ఆ జ్ఞానం పనికొస్తుంది.

ఇది చదివినప్పుడు నాకు మా దివిసీమ గుర్తొచ్చింది. 1977 నవంబర్ 19 ఉప్పెనలో చనిపోయినవాళ్ళు అధికారిక లెక్కల్లో సుమారు 10,000 మంది. అంతకు చాలా రెట్లు ఉంటారని అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇంటిల్లిపాదీ కొట్టుకుపోయిన చోట పేరు రాయించేది ఎవరు? అలాంటి అంకె పక్కన ‘ఇది ఎంతవరకు నమ్మొచ్చు’ అని రాయకపోతే, లెక్కలోకి రానివాళ్ళు అసలు లేనట్టే అయిపోతారు.

సాహిత్యానికి ఏం పని?

మనది లిటరరీ క్లబ్ కాబట్టి ఇదొకటి చెప్పాలి. 1985లో షేక్‌స్పియర్‌దేమో అనిపించే 429 పదాల కవిత ఒకటి బయటపడింది. ఆయన రచనల్లో ఎక్కడా లేని కొత్త పదాలు అంత కవితలో ఎన్ని ఉండొచ్చో ఎఫ్రాన్, థిస్టెడ్ లెక్కేశారు. అంచనా సుమారు 7, దొరికినవి 9. కవిత ఆయనదే అని దీంతో తేలిపోలేదు. ‘ఆయనది కాదు’ అనడానికి మాత్రం ఈ లెక్క సరిపోలేదు, అంతే.

మా కూచిపూడి పక్కనే క్షేత్రయ్య మొవ్వ ఉంది. ‘మువ్వగోపాల’ ముద్ర ఉన్న ప్రతి పదమూ ఆయనదేనా? ‘క్రీడాభిరామం’ వల్లభరాయుడిదా, శ్రీనాథుడిదా? పండితుల తీర్పు పండితులదే. కానీ ఆ పాఠాలు యూనికోడ్‌లోకి ఎక్కించి, చిన్న చిన్న మాటలు లెక్కపెట్టే పని మాత్రం మనం చెయ్యగలం.

రావుగారు కలకత్తా తర్వాత పిట్స్‌బర్గ్, పెన్ స్టేట్ యూనివర్సిటీల్లో పనిచేశారు. 1945 నాటి ఆ పేపర్‌కి 2023లో, 102 ఏళ్ళ వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టు 22న కన్నుమూశారు.

ఈసారి ప్రాజెక్ట్ రివ్యూలో ‘మా మోడల్ యాక్యురసీ 92 శాతం’ అని ఎవరైనా అంటే, ఎన్ని టెస్ట్ ఫొటోల మీద అని అడగండి. 100 అయితే అసలు సంగతి సుమారు 87 నుంచి 97 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పక్క టీమ్‌కి 90 వచ్చిందని నవ్వడానికి అది చాలదు. మన స్లైడ్ మీద 92 పక్కన ఆ రెండు అంకెలు కూడా వేద్దాం.