పడవకు పాత మోటారు కొనువారికి కొన్ని సూచనలు

జలాశయమునకు ఆవలి ఒడ్డున పొలములు గలవారును, చెరువులలో చేపలు పట్టు సహకార సంఘములవారును పడవ వెనుక పలకకు బిగించు అవుట్‌బోర్డ్ మోటారు పాతది దొరికిన చాలునని చూచెదరు. పంజగుట్ట ప్రక్కన ఎర్రమంజిల్‌లోని జలసౌధకు పనిమీద వచ్చి, అమీర్‌పేటలో బసచేసి, ఎవరో చూపిన మోటారును బేరమాడి రాత్రి బస్సుకే ఊరు చేరవలెనని తొందరపడరాదు. బావి మీద ఇంజను ఆగిన ఒక తడి తప్పును. నడి నీటిలో మోటారు ఆగిన ప్రాణములకే ముప్పు.

మొట్టమొదట విడిభాగముల సంగతి విచారింపుడు. అమెరికాలో 1909లో మొదలైన ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ 2020లో నిలిచిపోయినది. అట్టి మోటారు నేడు చక్కగా నడచినను, రేపు చిన్న భాగము విరిగిన వెదకుకొనవలసి వచ్చును. యమహా, సుజుకి, టొహాట్సు కంపెనీలు నేటికిని మోటార్లు చేయుచున్నవి. అయినను మోటారుపైని మోడల్ సంఖ్య వ్రాసుకొని, దానికి విడిభాగములు దొరుకునా అని మెకానిక్కును అడిగిన పిమ్మటనే బేరమునకు దిగవలెను.

రెండవది, మోటారు మీ పడవకు సరిపోవలెను. ఊరినుండి బయలుదేరునప్పుడే పడవ వెనుక పలక ఎత్తును కొలిచి తెచ్చుకొనుడు. మోటారు కాలు సాధారణముగా 15 అంగుళములు లేక 20 అంగుళముల పలకకు తగినట్లుండును. కాలు పొట్టిదైన పంకా గాలిని పీల్చి, మోటారు వృథాగా అరచును. పొడుగైన, లోతులేని చెరువులో బురదకు, రాళ్లకు తగులును.

టూ స్ట్రోక్ మోటారు తేలిక, మరమ్మతు సులభము. కాని పెట్రోలులో నూనె కలుపవలెను. కొన్నిటికి 50 పాళ్లకు 1 పాలు, మరికొన్ని పాతవాటికి 25 పాళ్లకు 1 పాలు. తయారీదారు చెప్పిన పాళ్లే వాడుడు. నూనె తగ్గిన పిస్టను పట్టుకొనిపోవును. ఫోర్ స్ట్రోక్ మోటారు బరువు ఎక్కువ, పెట్రోలు ఖర్చు తక్కువ. దాని నూనెను వేరుగా పోసి, వేళకు మార్చవలెను.

ఇక పరీక్ష. మోటారును చల్లగానున్నప్పుడే మీ కళ్లెదుట స్టార్టు చేయింపుడు. మీరు వెళ్లుసరికే వెచ్చగానున్న, కష్టముగా స్టార్టగు లోపమును దాచుటకు ముందే నడిపియుండవచ్చును. ఎన్నడును నీరు లేక నడుపనీయకుడు. లోపలి రబ్బరు ఇంపెల్లరు క్షణములలో పాడగును. నీటిని పీల్చు రంధ్రములు మునుగునట్లు డ్రమ్ములో నీరు పోసి, ఆరుబయట పది నిమిషములు నడిపింపుడు. ప్రక్కనుండి నీటి ధార ఎడతెగక రావలెను. తరువాత ప్లగ్గులు విప్పి, గేజితో ప్రతి సిలిండరు కంప్రెషన్ చూడుడు. సిలిండర్ల మధ్య భేదము నూటికి పది పాళ్లు మించిన ఆ మోటారు వద్దు. గేరు నూనె పాలవలె తెల్లగానున్న లోపలికి నీరు దిగుచున్నదని గ్రహింపుడు.

ఒకే ధరకు రెండు మోటార్లు చూపిరనుకొనుడు. ఒకటి 15 అశ్వశక్తిది, క్రొత్త రంగుతో మెరయుచున్నది. కాని ఒక సిలిండరు బలహీనము. రెండవది 8 అశ్వశక్తిది, రంగు వెలిసినది. కాని రెండు సిలిండర్లును సమముగానున్నవి, విడిభాగములు దొరకును. చిన్న పడవకు రెండవదియే మేలు.

పంజగుట్టకు దగ్గరనే హుస్సేన్‌సాగర్ ఉన్నదని, అనుమతి లేక అందులో పడవ దింపి చూడరాదు. అమ్మువాని రసీదులో మోటారు నంబరు తప్పక వ్రాయించుకొనుడు. మనుషులను, సరకును చేరవేయు మోటారు పడవలకు 2021 నాటి ఇన్‌లాండ్ వెస్సెల్స్ చట్టము వర్తించును. తనిఖీ, రిజిస్ట్రేషన్ల విషయము ముందే తెలిసికొనునట్లు గ్రామాధికారులు చూడవలెను.

ఎంత మంచి మోటారైనను పడవలో తెడ్లు, ప్రతి మనిషికి లైఫ్ జాకెట్టు, ఒక క్రొత్త ఇంపెల్లరు, అదనపు ప్లగ్గులు ఉండి తీరవలెను. బేరములో మిగిల్చిన సొమ్ములో మొదటి ఖర్చు వీటికే పెట్టుడు.