సైలెన్సరు మారిస్తే కార్బొరేటరునూ సరిచేయాల్సిందే
పటపట శబ్దం వెనుక ఇంజిను ఆకలి

బుల్లెట్‌కు బయటి సైలెన్సరు బిగించిన నాటి నుంచి యజమాని ధ్యాసంతా శబ్దంపైనే ఉంటుంది. ఎక్సలరేటరు వదిలిన ప్రతిసారీ వెనుక నుంచి వినిపించే పటపట మోతను దర్జాగా భావించే యువకులు కోకొల్లలు. అనుభవజ్ఞుడైన మెకానిక్ చెవికి మాత్రం అది మరోలా వినిపిస్తుంది. ఇంజినుకు చాలినంత పెట్రోలు అందడం లేదనడానికి అది తొలి సూచన. సైలెన్సరు మార్చి, కార్బొరేటరును యథాతథంగా వదిలేస్తే పిస్టను పట్టేసి బోరు పనికి వచ్చే ప్రమాదం ఉంది.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాక కొత్త బండ్లన్నీ దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. అంతకుముందు కొన్న బుల్లెట్లు, పల్సర్లు, స్ప్లెండర్లలో అధిక భాగం కార్బొరేటరుతోనే నడుస్తున్నాయి. ఈ వివరాలు వాటికే వర్తిస్తాయి.

చట్టం ఏమంటోంది?

పనిముట్లు పట్టుకునే ముందు ఈ సంగతి తెలుసుకోవడం మేలు. 175 సీసీకి మించిన ద్విచక్ర వాహనాలకు తయారీ దశలో అనుమతించిన శబ్ద పరిమితి 80 డెసిబెళ్లు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘిస్తే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద, 2019 సవరణ ప్రకారం, తొలిసారి నేరానికే రూ.10 వేల వరకు జరిమానా గానీ, మూడు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. దీనికితోడు మూడు నెలలపాటు లైసెన్సుకు అనర్హత. పట్టుబడిన సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలరు కింద వేసి తొక్కించిన సంఘటనలు పలు నగరాల్లో జరిగాయి. కనుక లోపల శబ్దాన్ని అణచే అమరిక లేని ఉత్త గొట్టాన్ని బిగించి, ఆ తర్వాత కార్బొరేటరును ఎంత చక్కగా సరిచేసినా ప్రయోజనం లేదు.

గాలి పెరిగితే ఏమవుతుంది?

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. కాలుష్య నిబంధనల కారణంగా కర్మాగారంలోనే పెట్రోలును ఆచితూచి అమరుస్తారు. పొగ సులువుగా వెలుపలికి పోయే సైలెన్సరు బిగిస్తే సిలిండరులో మిగిలే కాలిన వాయువు తగ్గి, కొత్త గాలి మరింతగా చేరుతుంది. ఆ గాలికి సరిపడా పెట్రోలును పాత జెట్టు ఇవ్వలేకపోతుంది. పలుచబడిన మిశ్రమం సరిగా అంటుకోక, కాలకుండానే వేడి పైపులోకి చేరి అక్కడ మండుతుంది. మనం వినే పటపట అదే. ఎయిర్ ఫిల్టరును కూడా తీసేస్తే గాలి ఇంకా పెరగడమే కాదు, దుమ్ము నేరుగా బోరులోకి చేరుతుంది. ఆ పని ఎంతమాత్రం చేయరాదు.

బండి వేడెక్కాక కూడా చోక్ కొంచెం లాగినప్పుడే బాగా పరుగెడుతున్నా, ఎక్సలరేటరు తిప్పగానే ఒక్క క్షణం తటపటాయిస్తున్నా పెట్రోలు చాలడం లేదని గ్రహించాలి. ప్లగ్గు విప్పి చూస్తే మరింత స్పష్టత వస్తుంది. మొన లేత గోధుమ రంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్లు. సున్నంలా తెల్లబడితే పెట్రోలు తక్కువ, నల్లటి మసి పడితే ఎక్కువ.

అయితే పటపట వినిపించగానే జెట్టు మార్చడం తొందరపాటే. బెండు పైపు ఇంజినుకు కలిసే చోట ప్యాకింగ్ సరిగా కూర్చోకపోయినా ఇదే శబ్దం వస్తుంది. పాత ప్యాకింగ్‌నే మళ్లీ వాడటం చాలా షెడ్లలో అలవాటు. కొత్తది వేసి, నట్లు బిగించి, అప్పటికీ మోత ఆగకపోతేనే కార్బొరేటరు విప్పాలి.

సరిచేసే తీరు

కార్బొరేటరులో పెట్రోలుకు మూడు దారులున్నాయి. ఎక్సలరేటరు పావు వంతు వరకు పైలట్ జెట్టు, అక్కడి నుంచి ముప్పావు వరకు నీడిల్, ఆపైన మెయిన్ జెట్టు ప్రధానంగా పనిచేస్తాయి. బండి ఏ దశలో ఇబ్బంది పెడుతోందో గమనిస్తే ఏ భాగాన్ని ముట్టుకోవాలో తెలుస్తుంది.

మెయిన్ జెట్టుపై నంబరు ఉంటుంది. అది 90 అయితే ముందుగా 95 వేసి చూడాలి. ఒకేసారి 110కి వెళ్లడం తగదు. కొత్త జెట్టు దొరకలేదని పాతదాని రంధ్రాన్ని తీగతో పెద్దది చేసే మెకానిక్‌లూ ఉన్నారు. దానివల్ల కొలత చెడి, తర్వాత ఎవరు సరిచేయాలన్నా ఆధారం మిగలదు.

నీడిల్‌కు గాట్లు, వాటిలో చిన్న క్లిప్పు ఉంటాయి. క్లిప్పును ఒక గాటు కిందికి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. గాట్లు లేని నీడిల్ అయితే క్లిప్పు కింద పలుచని వాషరు వేస్తే సరిపోతుంది.

ఎక్కువ మంది పొరబడేది స్క్రూ దగ్గరే. అది ఎయిర్ ఫిల్టరు వైపు ఉంటే గాలిని నియంత్రిస్తుంది కనుక లోపలికి తిప్పితే పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజిను వైపు ఉంటే దీనికి పూర్తిగా విరుద్ధం, బయటికి తిప్పితేనే పెరుగుతుంది. పాత బుల్లెట్ కార్బొరేటరుకు అలవాటు పడిన చెయ్యి కొత్త రకం బండిపై తప్పు చేసేది ఇక్కడే. ఇంజిను బాగా వేడెక్కాక స్క్రూను నెమ్మదిగా తిప్పుతూ, వేగం గరిష్ఠంగా పెరిగిన చోట ఆపాలి. అనంతరం స్లో స్క్రూతో వేగం తగ్గించాలి. గాలి స్క్రూ దాదాపు చివరి వరకు బిగించినా, ఇంజిను వైపు స్క్రూను మూడు చుట్లకు మించి విప్పినా ఇంజిను కుదుటపడకపోతే పైలట్ జెట్టు ఒక సైజు పెంచవలసి ఉంటుంది.

ఒకసారి ఒక మార్పే చేయాలి. బండి నడిపి, ప్లగ్గు చూసిన తర్వాతే రెండోది. ముందుజాగ్రత్త పేరుతో పెట్రోలును అతిగా పెంచితే మైలేజీ పడిపోతుంది, సిలిండరు గోడలపై ఆయిల్ పొర కరిగి అరుగుదల మొదలవుతుంది, కాలుష్య పరీక్షలోనూ బండి నిలవదు.

విప్పిన సైలెన్సరును, పాత జెట్టును పాత ఇనుము వారికి అమ్మకుండా దాచుకోవాలి. రిజిస్ట్రేషను పునరుద్ధరణకు తనిఖీకి వెళ్లే నాటికి కంపెనీ సైలెన్సరు మళ్లీ అవసరమవుతుంది. దాన్ని బిగించిన రోజున పాత జెట్టునే వేసి, నీడిల్ క్లిప్పును మొదటి గాటుకు మార్చి, స్క్రూను తిరిగి సరిచేసుకోవాలి.