అంగడికిని బ్యాంకునకును నడుమ

ఐరోపాలో ఒక చిన్న వర్తకుడు తన సరకును ఆన్‌లైనులో అమ్మదలచినప్పుడు, సరకు నెట్లు కట్టవలెను, తపాలాలో నెట్లు పంపవలెను అను విషయములపై నెలల తరబడి యోజించును. పైకము ఎవరి చేతి మీదుగా రావలెనను ప్రశ్నకు మాత్రము ఒక సాయంకాలము కేటాయించి, ఎవరి ప్రకటన ముందుగా కంటబడిన వారితో ఒప్పందము చేసికొనును. అతని రాబడి యంతయు ఆ ద్వారము గుండనే రావలసియున్నది గదా! నెదర్లాండ్సు, జర్మనీ, ఐర్లాండు దేశములలో మన తెలుగువారును చిన్న వ్యాపారములు నడుపుచున్నారు. వారి తలిదండ్రులు, అన్నదమ్ములు మా శ్రోతలలో ఉందురు. కావున ఈ విషయమును కొంత వివరముగా ముచ్చటింపదలచితిమి.

కొనువాడు కార్డుతో చెల్లించినప్పుడు నడుమ ముగ్గురు నిలుతురు. కార్డు నిచ్చిన బ్యాంకు ఒకరు. వీసా, మాస్టర్‌కార్డు వంటి కార్డు వ్యవస్థ రెండవవారు. వర్తకుని పక్షమున పైకము వసూలు చేయు బ్యాంకు మూడవవారు. ఈ ముగ్గురితో వర్తకుడు వేర్వేరుగా వ్యవహరింపనక్కరలేకుండ అన్నిటిని ఒక్క కిటికీలో కుదిర్చి యిచ్చువాడే చెల్లింపుల మధ్యవర్తి. ఆమ్‌స్టర్‌డామునందు 2004లో పుట్టిన మోలీ, 2006లో పుట్టిన ఆడ్యెన్, ఐర్లాండు సోదరు లిరువురు స్థాపించిన స్ట్రైప్, అమెరికా నుండి వచ్చి లక్సెంబర్గులో బ్యాంకుగా అనుమతి పొందిన పేపాల్ ఇట్టివారు. మన దేశమున 2020 జనవరి నుండి యూపీఐ ద్వారా వచ్చు పైకమునకు వర్తకుడు సామాన్యముగా రుసుము చెల్లింప నక్కరలేదు. ఆ అలవాటుతో ఐరోపాకు వెళ్ళినవారికి అక్కడి రుసుముల పట్టిక మొదట వింతగా తోచును.

ఆ రుసుములో ఒక భాగము కార్డు నిచ్చిన బ్యాంకునకు పోవును. దానిని ఇంటర్‌చేంజ్ అందురు. ఐరోపా సమాఖ్య 2015లో చేసిన నిబంధన వలన సామాన్య వినియోగదారుల డెబిట్ కార్డుపై ఇది నూటికి 0.2, క్రెడిట్ కార్డుపై 0.3 మించరాదు. కంపెనీలు తమ ఉద్యోగులకిచ్చు వ్యాపార కార్డులకు ఈ కట్టుబాటు లేదు. ఐరోపా వెలుపలి కార్డుతో ఆన్‌లైనులో కొన్నచో ఇది డెబిటుకు 1.15, క్రెడిటుకు 1.5 వరకు పోవును. బ్రిటను సమాఖ్యను వీడిన పిమ్మట, 2021 నుండి, అక్కడి కార్డులకును ఈ హెచ్చు రేటు వర్తించినది. లండనులో కొనుగోలుదారులు గల డచ్చి వర్తకునకు ఇది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూతము. డెల్ఫ్టు పట్టణమున నీలి చిత్రముల మట్టిపాత్రలు చేసి యమ్ము చిన్న దుకాణ మొకటి కలదనుకొందము. మధ్యవర్తి కార్డు చెల్లింపునకు నూటికి ఒకటిన్నరయు, దానిపై ప్రతి అమ్మకమునకు 25 సెంట్లును అడిగెననుకొందము. 12 యూరోల గిన్నె యమ్మినచో 43 సెంట్లు పోవును. అనగా నూటికి మూడున్నర దాటినది. 120 యూరోల పళ్ళెముల సెట్టు అమ్మినచో 2 యూరోల 5 సెంట్లు పోవును. ఇది నూటికి 1.7 మాత్రమే. ప్రకటనలో పెద్ద అక్షరములతో కనబడు శాతము కంటె, చిన్న అక్షరములలోని ఆ 25 సెంట్లే గిన్నెలమ్మువానిని ఎక్కువ బాధించును. నెలకు 20 యూరోల అద్దె తీసికొని శాతమును 0.3 తగ్గింతునను సంస్థయు కలదనుకొందము. నెలకు సుమారు 6,700 యూరోల అమ్మకము దాటిననే గాని ఆ అద్దె గిట్టదు. ఈ లెక్కను తన సొంత అమ్మకములతో వేసికొనక ఎవరును సంతకము చేయరాదని మా అభిప్రాయము.

అయితే డెల్ఫ్టు దుకాణమునకు కార్డే ప్రధానము కాదు. నెదర్లాండ్సు ప్రజలు ఆన్‌లైను కొనుగోళ్ళలో హెచ్చుభాగము ఐడియల్ అను పద్ధతిలో చెల్లింతురు. 2005లో అక్కడి బ్యాంకులు కలిసి నెలకొల్పిన ఏర్పాటిది. కొనువాడు తన బ్యాంకు ఖాతా నుండి సూటిగా చెల్లించును. దీనికి సాధారణముగా శాతము లేదు, అమ్మకమునకింత అని కొన్ని సెంట్లు మాత్రమే. అది 30 సెంట్లనుకొన్నచో 120 యూరోల సెట్టుపై నూటికి పావు మాత్రమే యగును. నెలకు 200 సెట్లు అమ్మువానికి కార్డుకును ఐడియల్‌కును తేడా 350 యూరోలు! ఒక పనివానికి కొన్ని దినముల కూలి. ఈ ఐడియల్‌ను 2023లో ఐరోపా బ్యాంకుల కూటమి యొకటి కొని, క్రమముగా వీరో అను పేరిట మార్చుటకు పూనుకొన్నది. కావున మధ్యవర్తిని ఆ మార్పును గురించియు అడుగవలెను. పొరుగున బెల్జియములో బాన్‌కాంటాక్ట్, పోలండులో 2015 నుండి బ్లిక్ వాడుకలో నున్నవి. జర్మనీలో సరకు అందిన పిమ్మట బిల్లు చెల్లించుటకును, పేపాల్‌కును ఆదరణ యెక్కువ. అక్కడి జీరోపే 2024 చివర మూతపడినది. కొనువాడు ఏ దేశమువాడో తెలియక మధ్యవర్తిని ఎన్నుకొనుట, ఊరి పేరు తెలియక రైలు టిక్కెట్టు కొనుట వంటిది.

రుసుముల కంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. వచ్చిన పైకము ఎన్నాళ్ళు మధ్యవర్తి చేతిలో నుండును? కొందరు మరునాడే బ్యాంకులో వేయుదురు. కొందరు వారమునకొకమారు వేయుదురు. కొత్త వర్తకులనుండి కొంత భాగమును నెలల తరబడి నిలువ చేసికొనువారును కలరు. పాతకాలపు బ్యాంకులు వర్తకుని పత్రములన్నియు ముందే పరీక్షించి, వారములు గడిపి, పిమ్మట ఖాతా తెరచెడివి. నేటి సంస్థలలో అనేకము పది నిమిషములలో తెరచును. అయితే పరీక్ష లేకపోలేదు. అది తరువాతకు వాయిదా పడినది, అంతే. అమ్మకములు హఠాత్తుగా పెరిగినప్పుడు ఆ పరీక్ష వచ్చును. హఠాత్తుగా పెరుగునది ఎప్పుడు? డిసెంబరు పండుగ రోజులలో. మట్టికి, రంగులకు, తపాలాకు పైకము కావలసిన వేళనే ఖాతా స్తంభించినచో చిన్న దుకాణము తట్టుకొనలేదు. కావున ఎంత అమ్మదలచినది, ఏ నెలలో హెచ్చునది ముందే వ్రాతపూర్వకముగా తెలిపి యుంచుట మంచిది. ఖాతాను తప్పిదమునకై మూసివేసిరా, మాస్టర్‌కార్డు నిర్వహించు నిషిద్ధుల జాబితాలో వర్తకుని పేరు అయిదేండ్లు నిలుచును. ఆ కాలమున మరియొకరు కార్డు సదుపాయ మిచ్చుట దుర్లభము.

మధ్యవర్తియే కూలిన కథయు కలదు. మ్యూనిక్ పట్టణము చెంత గల వైర్‌కార్డ్ అను పెద్ద సంస్థ లెక్కలలో 190 కోట్ల యూరోలు కానరాక, 2020 జూనులో దివాలా తీసినది. బ్రిటనులోని దాని శాఖ పనులను అక్కడి ప్రభుత్వ నియంత్రణ సంస్థ కొన్ని దినములు నిలిపివేయగా, దానిపై ఆధారపడిన ఇతర సంస్థల ఖాతాదారులు తమ సొమ్మును తాము తీసికొనలేకపోయిరి. ఐరోపా చట్టము ప్రకారము చెల్లింపు సంస్థలు కక్షిదారుల పైకమును తమ సొంత సొమ్ముతో కలపక, విడిగా కాపాడవలెను. అనుమతి పొందిన సంస్థల పట్టికను డచ్చి కేంద్ర బ్యాంకు వెబ్‌సైటులో ఎవరైనను చూడవచ్చును. అయిదు నిమిషముల పని.

ఇక మోసముల విషయము. కొనువాడు తానే యని రెండు విధముల రుజువు చేయవలెనను నిబంధన 2019 సెప్టెంబరులో అమలునకు వచ్చినది: తనకు తెలిసిన రహస్యము, తనవద్ద నున్న ఫోను, తన వేలిముద్ర వంటివానిలో రెండు. 30 యూరోలకు లోబడిన చిన్న మొత్తములకు కొన్ని హద్దులలో మినహాయింపు కలదు. ఇట్టి రుజువు జరిగిన పిదప, ‘ఈ కొనుగోలు నాది కాదు’ అని ఎవరైన తగవు తెచ్చినచో నష్టము సామాన్యముగా కార్డు నిచ్చిన బ్యాంకుపై పడును, వర్తకునిపై గాదు. ‘సరకు రాలేదు’, ‘పగిలి వచ్చినది’ అను తగవులకు ఈ రక్షణ లేదు. మట్టిపాత్రల వర్తకునకు ఆ రెండవది ఎంత తరచు వచ్చునో చెప్పనక్కరలేదు! అట్టి తగవు నోడినచో సరకు వెల తిరిగి యిచ్చుటయే గాక, ప్రత్యేక రుసుమును చెల్లింపవలసి యుండును. దానిని ముందే అడిగి తెలిసికొనవలెను. ఐరోపాలో ఆన్‌లైను కొనుగోలుదారునకు 14 దినములలో మనసు మార్చుకొను హక్కు కలదు. పైకము తిరిగి యిచ్చినను మధ్యవర్తులలో అనేకులు తమ రుసుమును తిరిగి ఈయరు.

నెలనెల చందా వసూలు చేయు వ్యాపారమైనచో సేపా డైరెక్ట్ డెబిట్ చౌక. కాని ఎనిమిది వారములలోపల కొనువాడు కారణము చెప్పకయే ఆ పైకమును వెనుకకు తీసికొనవచ్చును. కార్డుతో చందా కట్టించుకొనువాడు మరియొక ప్రశ్న వేయవలెను: ‘రేపు మేము వేరొకరి వద్దకు పోయినచో, మీవద్ద భద్రపరచిన కార్డు వివరములను వారికి అప్పగింతురా?’ దీనికి సూటియైన జవాబు ఈయని సంస్థ యొద్ద చేరుట, వాకిలి లేని ఇంట చేరుటయే. పుస్తకములు, పాఠములు వంటి డిజిటల్ సరకు అమ్మువారికి, అమ్మకపుదారు స్థానమున తామే నిలిచి ప్రతి దేశపు పన్నును తామే కట్టు సంస్థలును కలవు. వారి రుసుము హెచ్చు. 2021 జులై నుండి పలు దేశముల పన్నును ఒక్కచోటనే చెల్లించు ఏర్పాటు వచ్చినందున, లెక్కలు వ్రాసికొను ఓపిక గలవానికి ఆ ఖర్చు అనవసరమని మాకు తోచుచున్నది.

ఒప్పందము ముగిసిన పిదప, దుకాణము తెరచుటకు ముందు, యజమాని తన దుకాణములో తానే ఒక గిన్నె కొనవలెను. ఐడియల్‌తో ఒకమారు, కార్డుతో ఒకమారు, బెల్జియము స్నేహితునిచే బాన్‌కాంటాక్ట్‌తో ఒకమారు. పిమ్మట ఆ పైకమును తిరిగి పంపి, ఎన్ని దినములకు చేరునో, ఏ రుసుము మిగిలిపోవునో చూడవలెను. బ్యాంకు పట్టికలో ఏ పేరు అచ్చగుచున్నదో అన్నిటికంటె శ్రద్ధగా చూడవలెను. దుకాణపు పేరునకు మారుగా ఎవరికిని తెలియని పేరేదో కనబడినచో కొనినవాడే గుర్తింపక తగవునకు వచ్చును. ఆ పేరును మధ్యవర్తి అమరికలలో ఆ దినమే మార్చుకొనవచ్చును.